మొలక చూడని విత్తనం

విత్తనానికని దాచిన వడ్లను రైతు నేరుగా నారుమడికి మోసుకుపోడు. బస్తాలోంచి వంద గింజలు తీసి, తడి గోనెపట్టాలో పరిచి చుట్టి, కొన్ని రోజులు తడి ఆరకుండా చూసి, విప్పి లెక్కపెడతాడు. ఎనభై మొలకలు కనబడితే మంచి విత్తనమే. నలభయ్యే కనబడితే బస్తా ఎంత నిండుగా ఉన్నా, పురుగు పట్టకుండా ఎంత జాగ్రత్తగా దాచినా అది తిండిగింజే. దాచడం ఒక పని, దాచింది మొలుస్తుందో లేదో చూడడం మరో పని. కంప్యూటర్‌లోని సమాచారానికి తీసుకునే బ్యాకప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం బస్తా మూతి కుట్టేసి, అటకెక్కించి, నిశ్చింతగా ఉండిపోతున్నాం. టాలీ లెక్కలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునే హోల్‌సేల్ కొట్టు, పెళ్లి ఫోటోలను హార్డ్ డిస్కుల్లో పేర్చుకునే స్టూడియో, వేలమంది పనిచేసే పెద్ద ఆఫీసు, అన్నిచోట్లా ఇదే తీరు. బ్యాకప్ ఉందా అని అడిగితే ఉందంటారు. దాన్నుంచి ఒక్క ఫైలునైనా వెనక్కి తీసి చూశారా అని అడిగితే మాట రాదు. వెనక్కి తీసి సరిచూసిన నకలునే బ్యాకప్ అనాలి, అప్పటిదాకా అది మన ఆశ మాత్రమేనని నా వాదన. ఆ సరిచూసే పనికి, ఆదేశాలు టైపు చేసే, చూడగానే భయపెట్టే ఆ నల్లటి కమాండ్ లైన్ కిటికీయే అన్నిటికన్నా నమ్మకమైన సాధనమని కూడా.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో జరిగింది చూడండి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ కోడ్‌ను దాచుకుని, పదిమందితో కలిసి పనిచేసుకునే చోటు అది. కంప్యూటర్ల గురించి తెలియనివాళ్లు నడిపే సంస్థ కాదు. ఆ రాత్రి ఒక ఇంజనీరు, అసలు డేటాబేస్ సర్వర్‌తో సమానంగా నడవలేక వెనకబడిన రెండో సర్వర్‌ను ఖాళీ చేసి కొత్తగా నింపాలనుకున్నాడు. తొలగించే ఆదేశం పొరపాటున అసలు సర్వర్ మీద పడింది. క్షణాల్లో గ్రహించి ఆపాడు గాని, సుమారు 300 గిగాబైట్లలో అప్పటికి మిగిలింది 4.5 గిగాబైట్లే. ఇంతవరకూ ఇది ఎవరికైనా జరగగల చేతిపొరపాటు. నేర్చుకోవలసింది ఆ తర్వాతి గంటల్లో బయటపడింది. సమాచారాన్ని కాపాడడానికి ఆ సంస్థ దగ్గర ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. ఐదింట్లో ఏ ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయడం లేదు. రోజుకోసారి తీసే డేటాబేస్ నకళ్లు ఉండాల్సిన చోట వెతికితే ఖాళీగా కనబడింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 మీద నడుస్తుంటే, నకలు తీసే ప్రోగ్రామ్ 9.2 నాటిది. రెండింటికీ పొసగక నకలు తీసే పని ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయింది. ఆగిపోయిందని చెప్పే ఈమెయిళ్లు బయల్దేరాయి కూడా. వాటి మీద ఉండాల్సిన ధ్రువీకరణ లేకపోవడంతో అందుకోవలసిన సర్వరే వాటిని తిప్పికొట్టింది. చివరికి ఆదుకున్నది, వేరే పరీక్ష కోసం ఒకరు ఆరు గంటల ముందు డేటాబేస్ ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టుగా చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్. అది కూడా ఏర్పాటు వల్ల దొరికింది కాదు, అదృష్టం కొద్దీ దొరికింది. దాన్ని తిరిగి ఎక్కించడానికే దాదాపు 18 గంటలు పట్టింది. సుమారు 5,000 ప్రాజెక్టులలో, 5,000 వ్యాఖ్యలలో, 700 కొత్త ఖాతాలలో ఆ ఆరు గంటల సమాచారం పోయింది. జరిగినదంతా ఆ సంస్థ దాచకుండా లోకానికి చెప్పింది. కోలుకునే ప్రయత్నాన్ని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఆ నిజాయితీ వల్లే ఇవాళ మనం దాని నుంచి ఇంత నేర్చుకోగలుగుతున్నాం.

దీనికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు, 1998లో, పిక్సార్ స్టూడియోలో ఇలాంటిదే జరిగింది. టాయ్ స్టోరీ 2 సినిమా తయారవుతుండగా ఎవరో తొలగించే ఆదేశాన్ని సినిమా మొత్తం ఉన్న ఫోల్డరు మీద నడిపారు. తెర మీది పాత్రలు ఒక్కొక్కటిగా మాయమవుతుంటే చూస్తూ ఉన్నవాళ్లు సర్వర్‌ను ఆపించారు. బ్యాకప్ ఉంది కదా అని దాన్ని తెచ్చి ఎక్కించారు, పని మొదలుపెట్టారు. కొన్ని రోజుల తర్వాత తెలిసింది, ఆ బ్యాకప్ అసంపూర్ణమైనదని. అది చాలాకాలంగా సరిగా పడడం లేదు, ఎవరూ పరీక్షించి చూడలేదు. సినిమాను నిలబెట్టింది, సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సస్‌మన్ ఇంట్లోని కంప్యూటర్. పసిబిడ్డ తల్లి కావడంతో ఆమె ఇంటి నుంచి పని చేసుకోవడానికి అందులో ఒక నకలు ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చారన్న మాటనే అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ తర్వాతి ఘట్టం. ఇంటి నుంచి వచ్చిన నకలు, సర్వర్‌లో ఎక్కించిన పాత బ్యాకప్, మధ్యలో చేసిన కొత్త పని, ఈ మూడింటిలో ఏ ఫైలు సరైనదో తేల్చాలి. యంత్రం పోల్చి తేల్చగలిగినవి పోగా, సుమారు 30,000 ఫైళ్లను మనుషులు కళ్లతో చూసి నిర్ణయించవలసి వచ్చింది. ముందే ఎప్పటికప్పుడు సరిచూసుకుని ఉంటే యంత్రం చేసిపెట్టే పనిని, ఇల్లు అంటుకున్నాక అంతమంది నిద్ర మానుకుని చేశారు.

ఈ రెండు చోట్లా బ్యాకప్ లేకపోవడం సమస్య కాదు. ఉందని నమ్మడమే సమస్య. ఆ నమ్మకం ఎక్కడ పుడుతుందంటే, తెర మీద పడే ఆకుపచ్చ టిక్కు గుర్తులో, విజయవంతంగా పూర్తయింది అనే వాక్యంలో పుడుతుంది. ఆ వాక్యం చెప్పేది ఇంతే, నకలు తీయమని చెప్పిన ప్రోగ్రామ్ తన పని ముగించింది. నకలు పూర్తిగా వచ్చిందా, అసలుతో అక్షరం అక్షరం సరిపోతుందా, రేపు వెనక్కి తీస్తే పనికొస్తుందా అన్నవి వేరే ప్రశ్నలు. కమాండ్ లైన్‌లో ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక అంకె చెప్పి పోతుంది. సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్టు, మరేదైనా అయితే ఎక్కడో తేడా వచ్చినట్టు. ఈ అంకెను అడిగి తెలుసుకోవచ్చు, రాసిపెట్టుకోవచ్చు, సున్నా కాకపోతే మిగతా పని ఆపేయమని చెప్పవచ్చు. ఇక్కడా ఒక గుంట ఉంది, తెలిసినవాళ్లు కూడా అందులో పడుతుంటారు. డేటాబేస్ నకలు తీసే ప్రోగ్రామ్ తన ఫలితాన్ని, దాన్ని కుదించే జీజిప్ అనే ప్రోగ్రామ్‌కు గొట్టంలో నీళ్లలా అందిస్తుంది. మొదటిది విఫలమైనా, ఏమీ రాని ఆ ఖాళీని రెండోది శ్రద్ధగా కుదించి, 20 బైట్ల ఫైలు ఒకటి తయారుచేసి, పని అయిపోయిందని సున్నా చెబుతుంది. మనం కొట్టే ఆదేశాలను నడిపించే షెల్ మామూలుగా చివరి ప్రోగ్రామ్ చెప్పిన అంకెనే పట్టించుకుంటుంది. పైప్‌ఫెయిల్ అనే అమరిక పెట్టుకుంటే తప్ప మొదటిదాని వైఫల్యం బయటికి రాదు. ఏడాది పొడవునా రోజుకో ఫైలు పడుతూనే ఉంటుంది, తేదీ సరిగ్గానే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

నకలు అసలుతో సరిపోతుందా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. తాళపత్రాల కాలంలో ప్రతి నకలుతో పాటు కొన్ని తప్పులు చేరేవి. సీపీ బ్రౌన్ కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టి, ఒకే గ్రంథానికి దొరికిన పలు ప్రతులను పక్కపక్కన పెట్టించి, తేడాలు గుర్తింపజేసి, శుద్ధప్రతి సిద్ధం చేయించాడు. కంప్యూటర్ ఇదే పనిని వేరే దారిలో చేస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క, ఎంత పెద్ద ఫైలునైనా మొదటి నుంచి చివరిదాకా చదివి 64 అక్షరాల ఒక గుర్తుగా మారుస్తుంది. దాన్ని ఫైలు వేలిముద్ర అనుకోవచ్చు. రెండు గంటల సినిమాలో ఒక్క చుక్క మారినా ఆ 64 అక్షరాలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే ఆదేశం, విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అనే ఆదేశం ఈ వేలిముద్ర తీస్తాయి. నకలు తీసిన రోజునే ఒక ఫోల్డరులోని ఫైళ్లన్నిటి వేలిముద్రలూ ఒక జాబితాగా రాసి పెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత వెనక్కి తీసిన ఫైళ్లను ఆ జాబితాతో సరిచూడమని లినక్స్‌లో అదే ఆదేశానికి చెప్పవచ్చు. సరిపోయిన ప్రతి ఫైలు పక్కనా సరే అని, సరిపోనిదాని పక్కన విఫలం అని చెబుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. జాబితాను బ్యాకప్ ఉన్న డిస్కులోనే కాక మరోచోట కూడా ఉంచాలి. పరీక్షాపత్రమూ జవాబులూ ఒకే డ్రాయరులో పెట్టి తాళం పోగొట్టుకుంటే రెండూ పోతాయి.

నకలు తీసే సాధనాలకూ వాటివాటి అలవాట్లు ఉంటాయి, తెలుసుకోవాలి. 1996 నుంచి వాడుకలో ఉన్న ఆర్‌సింక్ ఎంతో మంచి ప్రోగ్రామ్. రెండుచోట్ల ఉన్న ఫైళ్లను పోల్చి, మారినవాటినే పంపుతుంది. అయితే మారిందో లేదో తేల్చడానికి అది మామూలుగా ఫైలు పరిమాణం, చివరిగా మార్చిన సమయం ఈ రెండే చూస్తుంది. డిస్కు పాతబడి ఫైలు లోపల నాలుగు అక్షరాలు చెడిపోయినా ఈ రెండూ మారవు గనుక అంతా సరిగ్గా ఉన్నట్టే అనుకుంటుంది. చెక్‌సమ్ అనే మాట ఆదేశానికి జోడిస్తే అప్పుడు లోపలికంటా చదివి పోలుస్తుంది. డ్రై రన్ అనే మాట కూడా జోడిస్తే దేన్నీ మార్చకుండా, ఎక్కడెక్కడ తేడా ఉందో చెప్పి ఊరుకుంటుంది. సరిచూడడానికి కావలసింది ఆ రెండూ కలిసిన రూపమే. ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్ అనే ప్రోగ్రామ్‌లో, ఆ మూటలను విప్పకుండానే అసలు ఫోల్డరుతో పోల్చే సదుపాయం కూడా ఉంది. రెస్టిక్, బోర్గ్ వంటి కొత్త సాధనాలకు తనిఖీ చేయమనే ఆదేశమే విడిగా ఉంది. అయితే రెస్టిక్ మామూలు తనిఖీలో జాబితాల పొందిక వరకే చూస్తుంది, సమాచారం మొత్తాన్ని చదవదు. మొత్తం చదవాలంటే ఆ సంగతి దానికి విడిగా చెప్పాలి. తనిఖీ చేశామని రిజిస్టరులో రాసుకునేవాళ్లు ఏ తనిఖీ చేశారో కూడా రాసుకోవాలి.

ఇవన్నీ చేసినా అసలు పరీక్ష మిగిలే ఉంటుంది. వేలిముద్రలు సరిపోయాయంటే నకలు తీసిననాటి ఫైలూ ఇప్పటి ఫైలూ ఒకటేనని అర్థం. నకలు తీసిననాడే ఫైలు చెడిపోయి ఉంటే చెడు నకలును భద్రంగా కాపాడామన్నమాట. అందుకే వెనక్కి తీసి వాడి చూడాలి. అసలు కంప్యూటర్ మీదికి కాదు, ఎప్పుడూ వేరే ఖాళీ ఫోల్డరులోకి, వీలైతే వేరే యంత్రంలోకి తీయాలి. తీశాక అకౌంట్స్ ఫైలైతే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నిన్నటి చివరి పద్దు కనబడుతుందో లేదో చూడాలి. డేటాబేసైతే ఎక్కించి, ఎన్ని వరసలు ఉండాలో అన్నీ ఉన్నాయో లేదో లెక్క అడగాలి. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, ఆ పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లో కాకుండా ఇంకెక్కడ ఉందో ఈ పరీక్షలోనే తెలుస్తుంది. ఎంత సేపు పట్టిందో కూడా రాసుకోవాలి, ఎందుకంటే సమయం చాలామంది లెక్కకు రాని నష్టం. ఒక టెరాబైటును సెకనుకు 100 మెగాబైట్లు చదివే డిస్కు నుంచి తీస్తే మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. అదే 100 మెగాబిట్ల ఇంటర్నెట్ లైను మీదుగా, లైను ఒక్క క్షణం కూడా నెమ్మదించకపోయినా, 22 గంటలు దాటుతుంది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండడం వల్ల ఈ-హాస్పిటల్ సమాచారాన్ని తిరిగి తెచ్చుకోగలిగారు. అది ఆ రోగుల అదృష్టం. అయినా సేవలు మళ్లీ గాడిన పడేదాకా సుమారు రెండు వారాల పాటు ఓపీ చీట్ల దగ్గర్నుంచి పరీక్షల నివేదికల దాకా చేత్తో రాసుకోవలసి వచ్చింది. బ్యాకప్ ఉండడానికీ, దాన్నుంచి ఆసుపత్రి మళ్లీ నడవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ రెండు వారాలు చెబుతాయి.

ఇదంతా ఎందుకు, ఫోటోలూ ఫైళ్లూ గూగుల్ డ్రైవ్‌లోకి వాటంతటవే వెళ్లిపోతున్నాయి కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ సంస్థల డిస్కులు మన ఇంట్లో డిస్కుకన్నా ఎన్నో రెట్లు భద్రమన్నది నిజం, ఒప్పుకోవాలి. కాని అక్కడ జరిగేది ఎక్కువగా అనుసంధానం, అంటే ఇక్కడ ఏం జరిగితే అక్కడా అదే జరగడం. ఇక్కడ పొరపాటున చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్లుండి ఆ తర్వాత పూర్తిగా పోతుంది. వైరస్ తాళం వేసిన ఫైలు అక్కడికీ తాళంతోనే చేరుతుంది. నకలు అంటే అసలు మారినా తాను మారనిది. ఇక పెద్ద సంస్థ చేతిలో ఉంది కదా అన్న ధీమాకు 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో సమాధానం దొరికింది. ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీల నుంచి మొదలైన మంటల్లో, ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. పరిమాణం మరీ పెద్దదని దానికి బయట నకలు పెట్టలేదు. సాంకేతికతలో ప్రపంచానికి పాఠాలు చెప్పగల దేశం అది. క్లౌడ్ అన్న మాటలో ఎంత తేలికదనం ఉన్నా, అదీ ఎక్కడో ఒక ఊళ్లో, ఒక భవనంలో, బ్యాటరీల పక్కన ఉండే డిస్కే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. గిట్‌ల్యాబ్‌లోనూ పిక్సార్‌లోనూ కొంప ముంచింది కమాండ్ లైన్‌లో కొట్టిన ఆదేశమే కదా, మామూలు మనుషులను దాని దగ్గరికి పొమ్మనడం న్యాయమా? ఈ ప్రశ్నకు బలం చేకూర్చే ఉదాహరణ నేనే ఇస్తాను. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో, బ్యాకప్ చేసే స్క్రిప్టే, అంటే వరసగా నడవాల్సిన ఆదేశాలు రాసిన ఫైలే, రెండు రోజుల వ్యవధిలో సుమారు 77 టెరాబైట్ల సమాచారాన్ని, 3.4 కోట్ల ఫైళ్లను తుడిచేసింది. పాత లాగ్ ఫైళ్లను తీసేయవలసిన ఆ స్క్రిప్టును, అది నడుస్తుండగానే సవరించి పాతదాని స్థానంలో పెట్టారు. బ్యాష్ అనే షెల్, తాను నడిపే స్క్రిప్టును ముందే మొత్తం చదువుకోదు, కొద్దికొద్దిగా చదువుతూ నడిపిస్తుంది. దాంతో అది సగం దారిలో కొత్త ఫైలులోకి అడుగుపెట్టింది. ఏ ఫోల్డరులో తుడవాలో చెప్పే పేరు దానికి దొరకలేదు. లాగ్ ఫైళ్లకు బదులు పరిశోధకుల ఫైళ్ల మీద పడింది. 14 పరిశోధక బృందాలకు నష్టం జరిగితే, నాలుగు బృందాల సమాచారం తిరిగి రాలేదు. ఇంత చదివాక కూడా కమాండ్ లైన్‌నే సమర్థిస్తున్నానంటే కారణం ఉంది. ఈ మూడు చోట్లా హాని చేసినవి తొలగించే ఆదేశాలు. సరిచూసే ఆదేశాలు చదువుతాయే గాని రాయవు. వేలిముద్ర తీసేదీ, డ్రై రన్‌తో పోల్చేదీ, తేడాలు చూపే డిఫ్ అనేదీ దేన్నీ చెరపవు. బ్యాకప్ డిస్కును చదవడానికి మాత్రమే వీలయ్యేలా తగిలిస్తే చేతిపొరపాటుకు కూడా చోటుండదు. పైగా, ఏం కొట్టామో, యంత్రం ఏం జవాబు చెప్పిందో అక్షరాల్లో మిగులుతుంది. మౌసుతో ఎక్కడ నొక్కామో రేపు ఎవరికీ గుర్తుండదు. వచ్చే నెల ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అదే కాగితం చూసి అదే ఆదేశం కొడితే అదే పరీక్ష జరుగుతుంది.

తీరిక లేదన్నది మిగిలిన అభ్యంతరం. మొత్తం సమాచారాన్ని నెలనెలా వెనక్కి తీసి చూడడం చిన్న కొట్టుకు సాధ్యం కాదు, నిజమే. రైతు కూడా బస్తా మొత్తాన్ని తడపడు, వంద గింజలే తడుపుతాడు. రెస్టిక్‌లో సమాచారాన్ని భాగాలు చేసి ఈసారి ఒక పదో వంతు, వచ్చేసారి మరో పదో వంతు చదివించే వీలుంది. పది విడతల్లో మొత్తం పూర్తవుతుంది. నెలకోసారి ఏ ఫైలు తీయాలో ముందే అనుకోకుండా కొన్నిటిని వెనక్కి తీసి తెరిచి చూడడం, ఏడాదికోసారి మొత్తాన్ని ఒక ఖాళీ యంత్రంలోకి ఎక్కించి చూడడం, ఈమాత్రం చిన్న ఆఫీసుకైనా మోయలేని బరువు కాదు. ఫైళ్లను ఎన్నుకునేటప్పుడు పాతవాటినీ కలపాలి. నిన్నటి ఫైలు దొరకడం సులువు, మూడేళ్ల కిందటిది దొరికితేనే ఏర్పాటు నిలబడినట్టు.

తెలుగు ప్రచురణ రంగానికి ఈ విషయంలో మరో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం బాధ కలిగిస్తుంది. ఎన్నో ఏళ్లుగా మన పుస్తకాలు, పత్రికలు, పెళ్లి శుభలేఖలు ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో తయారయ్యాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, డీటీపీ చేసే చోట్ల పాత పద్ధతే చాలాకాలం నడిచింది, కొన్నిచోట్ల ఇంకా నడుస్తోంది. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇప్పుడొక ప్రచురణకర్త పాతికేళ్ల కిందటి కథల సంపుటిని బ్యాకప్ డిస్కు నుంచి వెనక్కి తీశాడనుకుందాం. ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్ర 64 అక్షరాలూ సరిపోతాయి. ఆర్‌సింక్ తేడా లేదంటుంది. ఫైలు తెరిస్తే మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరస కనబడుతుంది, లేదా ఫైలే తెరుచుకోదు. ఒక్క బిట్టు కూడా చెడలేదు, పుస్తకం మాత్రం చేతికి రాలేదు. ఇలాంటి నష్టాన్ని ఏ ఆదేశమూ పట్టుకోలేదు. తెలుగు చదవగలిగినవాళ్లు ఫైలు తెరిచి, మొదటి పేజీ, మధ్యలో ఒక పేజీ చదివితేనే తెలుస్తుంది. అందుకని అలాంటి సంపుటిని దాచేటప్పుడు అసలు ఫైలుతో పాటు అందులో వాడిన ఫాంటునూ, ఫాంట్లు లోపలే ఇమిడ్చిన పీడీఎఫ్‌నూ, యూనికోడ్‌లోకి మార్చి ఒత్తులూ దీర్ఘాలూ కళ్లతో సరిదిద్దిన మూలపాఠాన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి, వేలిముద్రల జాబితాను అప్పుడు తీయాలి. ఆ పాత పేజ్‌మేకర్ ఇంకా నడిచే కంప్యూటర్ ఊళ్లో ఏ డీటీపీ షాపులోనైనా ఒకటి మిగిలి ఉండగానే ఈ పని జరగాలి.